తొర్రలోంచి పీచ్ పండు వాసన... ఏ పురుగిది?

కోనసీమ_తండ్రి (లింషోపింగ్, స్వీడన్):
నిన్న ఎండ బాగా కాసిందని పాపని తీసుకుని ఊరవతల ఓక్ చెట్ల వైపు వెళ్లాను. ఒక ముసలి చెట్టు దగ్గర గుప్పున ముగ్గిన పీచ్ పండు వాసన. చుట్టుపక్కల పండ్ల చెట్టే లేదు. తొర్ర అంచున బొటనవేలి కణుపంత పెంకు పురుగు కదలకుండా కూర్చుంది, ముదురు గోధుమ రంగు. మా కొబ్బరి తోటలో కొమ్ము పురుగులాగే ఉంది, కొమ్ము లేదంతే. వాసన దానిదేనా?

తొర్రల_లెక్క:
దానిదేనండీ! ఆస్మోడెర్మా ఎరెమిటా. మగది ఎండపూట తొర్ర అంచుకొచ్చి ఈ వాసన వదిలి ఆడదాన్ని పిలుస్తుంది. పదార్థం పేరు గామా డెకాలాక్టోన్, పీచ్ పండులోనూ అదే ఉంటుంది. ఇదే దాని ఫెరోమోన్ అని 2003లో ఇక్కడి పరిశోధకులు తేల్చారు.
పిల్ల పురుగులు మీ గెత్తంలో కనబడే తెల్ల పురుగుల్లాగే ఉంటాయి. కాకపోతే తొర్రలోని చెక్కపొట్టు తింటూ ఏళ్ల తరబడి అందులోనే పెరుగుతాయి. పెద్దయ్యాక కూడా పుట్టిన చెట్టు వదిలి వెళ్లేవి నూటికి 15 లోపే. ఓక్‌కి అలాంటి తొర్ర పడాలంటే వందల ఏళ్లు కావాలి. దగ్గర్లో ఇంకో ముసలి చెట్టు లేకపోతే వాటి గతేంటి చెప్పండి?

పత్తి_రైతు_బిడ్డ:
అంటే మన పత్తి చేలో వాసనతో పురుగుల్ని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలాగే అన్నమాట. అక్కడా ఈ వాసనతో బుట్ట పెడితే ఉన్నవీ చచ్చిపోవా?

తొర్రల_లెక్క:
మనం అక్కడ చంపడానికి పెడతాం, ఇక్కడ లెక్కకి. అనుమతి ఉన్నవాళ్లే పెట్టాలి. నేను సాయానికి వెళ్లినప్పుడు రోజూ పొద్దున్నే బుట్ట చూసేవాళ్లం, అడుగున మందూ నీళ్లూ ఉండవు. పడేవి ఎక్కువగా ఆడవే. అరచేతిలో పెట్టుకుంటే ఆ కాళ్ల ముళ్లు చర్మాన్ని పట్టేసుకుంటాయి, మెల్లగా విడిపించి ఆ చెట్టుకే వదిలేవాళ్లం. ఒక్కోసారి తుప్పు రంగు పురుగు ఇంకోటి పడేది. దాని పిల్లలు వీటి పిల్లల్ని తింటాయి, అందుకే అదీ ఈ వాసన పట్టుకునే వస్తుంది. అదీ అరుదైనదే, కనబడితే మాకు పండగే.
చెట్టు ఎక్కడుందో ఇక్కడ రాయకండి, పురుగుల్ని పట్టి అమ్ముకునేవాళ్లుంటారు. నాకు విడిగా మెసేజ్ చేయండి.

కోనసీమ_తండ్రి:
చేశానండీ. సాయంత్రం మళ్లీ వెళ్లాం, మబ్బు పట్టి చల్లగా ఉంది, వాసనే లేదు. పాపా నేనూ చేతులు కలిపి చుట్టినా మాను సగం కూడా అందలేదు.

తొర్రల_లెక్క:
ఎండ రానివ్వండి, మధ్యాహ్నం వెళ్లండి. గాలి వాలున నిలబడితే పది అడుగుల దూరం నుంచే తెలుస్తుంది.