ట్యాపెట్ సెట్టింగ్ ఇంట్లో చేసుకోవచ్చా, మెకానిక్‌కే వదిలేయాలా?

పాత పల్సర్: నా 150 సీసీ పల్సర్‌కు ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కూ మధ్య సందును స్క్రూతో సరిచేయడం, ఇకపై ఇంట్లోనే చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఈ పని మామూలు యజమానికి అందనిది కాదు. ఈ ఇంజిన్‌కు ఇన్‌టేక్ (గాలి, పెట్రోల్ లోపలికి వచ్చే) వైపు 0.05 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వైపు 0.10 మిల్లీమీటర్ల సందు ఉండాలి. రాత్రంతా చల్లారిన బండికి ప్లగ్ విప్పి, ఎడమవైపు మూత తీసి, ఇంజిన్‌తో పాటు తిరిగే మాగ్నెట్ చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, పిస్టన్ పైకొసకు వచ్చిందని చెప్పే ‘టీ’ గుర్తును గాడికి ఎదురుగా నిలిపి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) కాస్త పట్టుతూ జారేలా స్క్రూ సరిచేసి లాక్ నట్ బిగించాలి. నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కదులుతుంది కనుక మళ్లీ కొలవాలి. ఇందులో యజమాని చేయకూడనిది ఏముంది?

షెడ్డు మనిషి: నేను మా నాన్నగారి షెడ్డులోనే ఈ పని నేర్చుకున్నాను. ఇంట్లో విప్పి, ఆపై మా దగ్గరికి తోసుకొచ్చే బండ్లను తరచూ చూస్తుంటాను. మీరు చెప్పిన ‘టీ’ గుర్తు నాలుగు స్ట్రోకులకు రెండుసార్లు వస్తుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర వచ్చిన గుర్తు దగ్గర రెండు వాల్వులూ కొద్దిగా తెరుచుకునే ఉంటాయి కనుక అక్కడ సందు కనిపించదు. అది తెలియక స్క్రూ వదులు చేసుకుంటూ పోతే, స్టార్ట్ చేయగానే ఇంజిన్ టపటపమని కొట్టుకుంటుంది. పక్కనే ఉన్న ‘ఎఫ్’ గుర్తునే (అది ప్లగ్ నిప్పురవ్వ వేసే చోటు) ‘టీ’ అనుకునేవారూ ఉన్నారు.

బుల్లెట్ బాబాయ్: యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే) ఇంజిన్ బుల్లెట్‌లో ఆయిల్ ఒత్తిడితో సందును తామే సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు ఉంటాయి కాబట్టి మాకు ఈ తగాదా లేదు.

పాత పల్సర్: రెండు రాకర్లనూ వేళ్లతో కదిపి చూస్తే, రెండింటిలోనూ ఆట ఉన్నప్పుడే అది రెండు వాల్వులూ మూసుకుని ఉండే కంప్రెషన్ స్ట్రోక్ అని తెలిసిపోతుంది, లేకపోతే ఇంకొక పూర్తి చుట్టు తిప్పాలి. దీనికి షెడ్డులో పెరగనవసరం లేదు. నేను సూటిగా అడుగుతున్నాను: మీరు ఫీలర్ గేజ్ వాడతారా, లేక చేతి అంచనాతోనే సెట్ చేస్తారా?

బెజవాడ రైడర్: చాలా మాన్యువళ్లు ఇంజిన్ 35 డిగ్రీలలోపు ఉండాలంటాయి. మే నెలలో ఇక్కడ తెల్లవారుజామున తప్ప అంత చల్లగా ఎప్పుడు దొరుకుతుంది?

షెడ్డు మనిషి: గేజ్ ఉంది, వాడతాను, కానీ దాన్నే నమ్ముకోను. చాలాకాలం తిరిగిన బండిలో స్క్రూ మొన గుంటపడుతుంది. చదునైన గేజ్ రేకు ఆ గుంటలోకి దిగక పైనుంచే జారిపోతుంది కాబట్టి, 0.05 అని కొలిచిన చోట అసలు సందు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అప్పుడు రాకర్‌ను పైకీ కిందికీ ఆడించి చూసిన వేలే నిజం చెబుతుంది. ఈ సంగతి మీ వీడియోలలో చెప్పరు.

పాత పల్సర్: గుంటపడితే స్క్రూ మార్చాలి గాని అంచనాకు దిగకూడదు. మీ అందరి అంచనా ఎటు పోతుందో నాకు తెలుసు. మా ఊళ్లో ఒక షెడ్డులో, అప్పుడే నడిపి తెచ్చిన వేడి బండికి, శబ్దం పోయేదాకా స్క్రూ బిగించి “ఇప్పుడు సైలెంట్‌గా ఉంది చూడండి” అన్నారు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని చాలావరకు సీటుకు (మూసుకున్నప్పుడు అది కూర్చునే అంచుకు) ఆనుకున్నప్పుడే వదులుతుంది. సందు లేకపోతే అది పూర్తిగా ఆనదు, అంచు కాలిపోతుంది. నా బండికి కంప్రెషన్ పోయి ఇంజిన్ పైభాగమైన హెడ్ విప్పవలసి వచ్చింది. ఆ ఖర్చు భరించింది నేను, అంచనా వేసిన చేయి కాదు.

షెడ్డు మనిషి: ఎవరో చేసిన పనికి నన్ను నిలదీయడం ఏం న్యాయం? అడిగారు కనుక చెబుతున్నాను. ఉదయం పది గంటలకు కాలిపోతున్న ఇంజిన్‌తో వచ్చి, “ఆఫీసుకు ఆలస్యమవుతోంది, ఈ టకటక పోగొట్టండి” అనేది మీలాంటి యజమానులే. రాత్రికి బండి వదిలి వెళ్లండంటే పక్క షెడ్డుకు పోతారు. బండి చల్లారేందుకు పట్టే సమయానికి, అది ఆక్రమించే చోటుకు మీరు ఎన్నడైనా కూలి ఇచ్చారా? కాస్త టకటక ఉంటేనే మంచిదని చెప్పినా వినరు, పని రాదంటారు.

కొత్త చక్రం: ఇద్దరూ వేడి బండి మీద చేయకూడదనే అంటున్నారు కదా.

పాత పల్సర్: ఆ కూలి అడిగితే నేను ఇస్తాను, నాకు ఇంతవరకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. అయితే సెట్ చేయకముందు ఎంత సందు ఉంది, చేశాక ఎంత ఉంచారు అన్నది బిల్లు మీద రాసివ్వాలి. ఎగ్జాస్ట్ సందు సర్వీసు సర్వీసుకూ తగ్గిపోతుంటే సీటు అరుగుతోందని ముందే తెలుస్తుంది. ఇంట్లో చేసుకోవాలనడానికి నాకున్న అసలు కారణం ఆ లెక్కే.

షెడ్డు మనిషి: బండి వదిలి వెళ్తే, తెల్లవారి మీ ఎదుటే కొలుస్తాను, గేజ్ మీరే పట్టి చూడండి. బిల్లు మీద మాత్రం రాయను. రేపు ఇంకొకరు వేడి ఇంజిన్ మీద కొలిచి, అంకె తేడా వచ్చిందని ఆ కాగితాన్ని నా ముఖాన పెడతారు.

పాత పల్సర్: అంకె పక్కన “చల్లని ఇంజిన్” అని కూడా రాయండి. అది రాసివ్వని చోట నా బండి పెట్టను.