సమ్మరీ కోర్టు మార్షల్‌కు వకీలు వెళ్లవచ్చా?

అల్వాల్ అక్క:
మా తమ్ముడు సైన్యంలో సిపాయి. నాన్నగారికి గుండె ఆపరేషన్ కావడంతో సెలవు ముగిసినా ఇంటి వద్దే ఉండిపోయాడు. తిరిగి యూనిట్‌లో చేరాక సమ్మరీ కోర్టు మార్షల్, అంటే కమాండింగ్ ఆఫీసరే జరిపే సైనిక విచారణ, తప్పదని అంటున్నారట. ఇక్కడి నుంచి వకీలును పంపితే వాదించనిస్తారా? సైన్యానికి జాగ్ అనే సొంత న్యాయశాఖ ఉందంటారు కదా, వారు సాయం చేస్తారా? ఉద్యోగం తీసేస్తే పింఛను మాటేమిటి?

విశ్రాంత సుబేదార్, తిరుమలగిరి:
అమ్మా, ధైర్యంగా ఉండండి. కాపలాకు రావలసిన జవాను రాకపోతే అతని వంతు మరొకడు మోయాలి, ఆ మరొకడి ఇంట్లోనూ తల్లిదండ్రులు ఉంటారు. అందుకే ఇటువంటి వ్యవహారం నెలల తరబడి నానకుండా కమాండింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే తేల్చేలా చట్టం ఏర్పాటు చేసింది. వకీళ్లు వస్తే ఆలస్యం తప్ప ఒరిగేది లేదు. ఇటువంటి విచారణలలో నేను స్వయంగా కూర్చున్నాను, అన్యాయం జరగడం చూడలేదు.

మాజీ నాయక్, బొల్లారం:
సాబ్, మీరు కూర్చున్నది బల్లకు అవతలి వైపు. నిందితుడు ఇవతల నిలబడతాడు. నేరం ఒప్పుకుంటే మందలించి వదిలేస్తారని నాకు నచ్చజెప్పారు. ఒప్పుకున్నాను. ఒక్క సాక్షినీ పిలవలేదు, నా మాట ఎవరూ అడగలేదు, ఆ పూటే డిస్మిస్ చేశారు. చెల్లెమ్మా, మీ తమ్ముడికి ముందు ఈ ఒక్క మాట చేరవేయండి: ఎవరో చెప్పారని నేరం ఒప్పుకోవద్దు.

న్యాయవాది, మారేడుపల్లి:
సైనిక కేసులు తప్ప మరొకటి చేపట్టని వాణ్ణి కనుక నిబంధన ప్రకారం చెబుతాను. 1954 నాటి సైనిక నిబంధనలలో 129వ నిబంధన కింద సమ్మరీ కోర్టు మార్షల్‌లో నిందితుడు తనకు తోడుగా ఒకరిని పెట్టుకోవచ్చు, అతడు వకీలైనా కావచ్చు. ఆ వకీలు సలహా ఇవ్వవచ్చు, సాక్షిని ఏ ప్రశ్న అడగాలో నిందితుడికి చెప్పవచ్చు. కానీ తాను సాక్షిని ప్రశ్నించరాదు, కోర్టును ఉద్దేశించి మాట్లాడరాదు. అందువల్ల ఇటువంటి కేసులో వకీలు పని చాలావరకు విచారణ మొదలుకాకముందే కాగితం మీద జరిగిపోవాలి. ఆరోపణలు తెలియజేసిన తరువాత విచారణకు కనీసం 96 గంటల వ్యవధి ఇవ్వాలని 34వ నిబంధన చెబుతుంది. యాక్టివ్ సర్వీసులో, అంటే యుద్ధం వంటి సైనిక చర్యల విధుల్లో, ఉంటే అది 24 గంటలే. ఇక సైనిక చట్టం 39వ సెక్షన్ కింద సెలవు మించి ఉండటం నేరం కావాలంటే తగిన కారణం లేకపోవాలి. కాబట్టి ఆసుపత్రిలో చేర్చుకున్న తేదీ, ఆపరేషన్ కాగితాలు, సెలవు పొడిగించమని అడిగిన దరఖాస్తు ఏదైనా ఉంటే దానితో సహా, వెంటనే అతనికి పంపండి.

విశ్రాంత సుబేదార్, తిరుమలగిరి:
వకీళ్లు వస్తే ఆలస్యమేనన్న నా మాటనే వకీలు గారు సెక్షన్ల సంఖ్యలతో చెప్పారు.

న్యాయవాది, మారేడుపల్లి:
నేను అన్నది అది కాదు. ఫిర్యాదు చేసేవారు, విచారించేవారు, శిక్ష వేసేవారు ఒక్కరే కావడంలోని ప్రమాదాన్ని సుప్రీంకోర్టు 1987లోనే రంజిత్ ఠాకూర్ కేసులో ఎత్తి చూపింది. తన కమాండింగ్ ఆఫీసర్ మీద పై అధికారులకు ఫిర్యాదు పంపిన జవాను, తరువాత శిక్ష అనుభవిస్తూ భోజనం చేయమన్న ఆజ్ఞను ధిక్కరించాడని ఆరోపించారు. అదే ఆఫీసర్ కోర్టులో కూర్చోగా అతనికి ఏడాది కఠిన జైలు శిక్ష, డిస్మిసల్ పడ్డాయి. పక్షపాతానికి ఆస్కారం ఉందని, శిక్ష నేరానికి మించిందని కోర్టు కొట్టివేసింది. మీరు చూడలేదన్నంత మాత్రాన జరగలేదని అర్థం కాదు.

విశ్రాంత సుబేదార్, తిరుమలగిరి:
ఒక్క కేసు చూపి వేలమంది కమాండింగ్ ఆఫీసర్లను నిందించడం నాకు సహించరానిది. విచారించే ఆఫీసర్‌పైనే జరిగిన నేరమైతే, తక్షణ చర్య తప్పనిసరి అయిన సందర్భంలో తప్ప, పై అధికారికి నివేదించకుండా విచారించరాదని 120వ సెక్షన్ చెప్పడం లేదా? పుస్తకాలు మేమూ చదివాం.

మాజీ వాయుసైనికుడు, దుండిగల్:
వాయుసేన చట్టంలో సమ్మరీ కోర్టు మార్షల్ అనేదే లేదు. అంతమాత్రాన మా దగ్గర క్రమశిక్షణ సడలిపోలేదు.

విశ్రాంత సుబేదార్, తిరుమలగిరి:
నౌకాదళంలో ఓడ కమాండింగ్ ఆఫీసర్‌కు తానే విచారించి శిక్షించే అధికారం ఉంది. దానికేమంటారు?

లా విద్యార్థిని, షామీర్‌పేట:
అక్క అడిగిన జాగ్ సంగతిని అందరూ వదిలేశారు. ఆ శాఖకు వెళ్లాలన్నది నా ఆశయం కనుక చెబుతున్నాను. కనీసం ఐదుగురు ఆఫీసర్లు కూర్చునే జనరల్ కోర్టు మార్షల్‌లో జాగ్ శాఖకు చెందిన జడ్జి అడ్వొకేట్ తప్పనిసరిగా ఉండాలి. ఆయన చట్టం వివరిస్తారు, చివర సాక్ష్యాన్ని క్రోడీకరించి చెబుతారు, కానీ ఓటు వేయరు. ఆయన నిందితుడి వకీలు కారు. జనరల్ కోర్టు మార్షల్‌లోనూ, దానికన్నా చిన్నదైన డిస్ట్రిక్ట్ కోర్టు మార్షల్‌లోనూ నిందితుడు బయటి వకీలును పెట్టుకుని వాదించుకోవచ్చు. ఈ శాఖ ఖాళీలలో పురుషులకు ఎక్కువ వాటా కేటాయించడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు చెప్పింది, కాబట్టి ఇక మాకూ...

మాజీ నాయక్, బొల్లారం:
అమ్మాయీ, నీ కొలువు సంగతి వేరే చర్చలో రాసుకో. ఇక్కడ ఒక కుటుంబం భయంతో ఎదురుచూస్తోంది. పెద్ద విచారణలో ఐదుగురు ఆఫీసర్లు, జడ్జి అడ్వొకేట్, వాదించే వకీలు. సిపాయి ఉద్యోగం ఊడబెరికే విచారణలో నోరు విప్పరాని వకీలు. నా కడుపుమంట అదే.

అల్వాల్ అక్క:
అందరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రి కాగితాలు ఈరోజే పంపుతున్నాం. పింఛను గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

న్యాయవాది, మారేడుపల్లి:
డిస్మిస్ అయితే సాధారణంగా పింఛను అర్హత పోతుంది. అందుకే జైలు శిక్ష కన్నా ఆ ఒక్క మాటకే ఎక్కువ భయపడాలి. అటువంటి ఉత్తర్వు వస్తే సైనిక చట్టం 164వ సెక్షన్ కింద పై అధికారులకు పిటిషన్ పెట్టండి. ఆ తరువాత సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, తెలంగాణ కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. అయితే డిస్మిసల్ గానీ, 3 నెలలకు మించిన జైలు గానీ పడితేనే సమ్మరీ కోర్టు మార్షల్ తీర్పు ట్రిబ్యునల్ ముందుకు వెళుతుంది.

మాజీ నాయక్, బొల్లారం:
నాది పాత కేసు వకీలు గారూ. గడువు దాటిపోయిందని అందరూ వెనక్కి పంపుతున్నారు.

న్యాయవాది, మారేడుపల్లి:
ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. నేరం ఒప్పుకుంటే ఏమవుతుందో నిందితుడికి వివరించిన తరువాతే ఆ మాట రాసుకోవాలని 115వ నిబంధన. మీ విచారణ కాగితాలలో అలా వివరించినట్లు ఉందా, దాని కింద మీ సంతకం ఉందా, ముందు అది చూసి చెప్పండి.