మందు ‘తీసుకోవడం’ మంచి తెలుగేనా?

ఆయాసానికని ఇచ్చిన గుళికలను మా మేనత్త మూడు రోజులు నీళ్లతో మింగింది. నిజానికి అవి చిన్న పరికరంలో పెట్టి, లోపలి పొడిని పీల్చాల్సినవి. చీటీ మీద మాత్రం ‘రోజుకు రెండు తీసుకోవాలి’ అని ఉంది. తప్పు ఆవిడది కాదు, ఆ ‘తీసుకోవాలి’దే అని నా అభియోగం.

మాత్ర వేసుకుంటాం, కషాయం తాగుతాం, లేహ్యం నాకుతాం, లేపనం పూస్తాం, ఆవిరి పడతాం, సెలైన్ ఎక్కిస్తారు. మందు ఒంట్లోకి ఏ దారిన పోవాలో మన క్రియే చెప్పేస్తుంది. లేహ్యానికైతే పేరులోనే ఆ సంగతి ఉంది. ‘లిహ్’ ధాతువుకు అర్థం నాకడం. ‘తీసుకోవడం’ వచ్చి ఈ దారులన్నీ చెరిపేసింది. మీరేమంటారు?

జవాబు: ‘వేసుకోవడం’ మాత్రం ఏం తేల్చింది? తాంబూలమూ వేసుకుంటాం, కానీ నములుతాం. గుండెనొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ మాత్రను నాలుక కింద పెట్టుకోవాలి. మింగితే రక్తంలో కలిసేలోపే చాలా భాగం కాలేయంలో విరిగిపోతుంది, పనిచేయడమూ ఆలస్యమవుతుంది. అక్కడ ‘వేసుకో’ అంటే ప్రమాదమే.

మరో జవాబు: నాకు పేచీ ‘గుళిక’తో. అది ఉండ. మలయాళంలో మామూలు మాత్రనే గుళిక అంటారు. మనం పత్రికల్లో క్యాప్సూల్‌కు అంటగట్టాం. మా ఊళ్లో గుళికలంటే వరి పొలంలో చల్లే పురుగుమందు! ‘మాత్ర’ కథ ఇంకా బాగుంటుంది. అసలు అర్థం కొలత: ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. వైద్యంలో ఒక పూటకు ఇచ్చే మందు కొలత. ఆ కొలతే మనకు బిళ్ల అయి కూర్చుంది. ఖాళీ అయిన చోటికి ఉర్దూ దారిన ‘మోతాదు’ వచ్చింది.

మొదట అడిగినవారు: ‘వేసుకోవడం’ విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. అయితే మింగు, నములు, చప్పరించు, పీల్చు అని విడివిడిగా రాయడమే దారి. నిన్న అత్తయ్య డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘పీల్చాలి’ అని రాసి ఇచ్చాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చదివి, ‘ముక్కుతోనా, నోటితోనా?’ అంది.