అప్‌డేట్: తోట కాపలాకు టాక్టికల్ టార్చ్ ఎంపిక

చేవెళ్ల దగ్గరి మా మామిడితోటలో రాత్రి కాపలా ఉండే బాబాయి కోసం ఏ టాక్టికల్ టార్చ్ (భద్రతా సిబ్బంది వాడే తరహా దృఢమైన టార్చ్) కొనాలో, ఆన్‌లైన్ సమీక్షల్లో వేటిని నమ్మాలో ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ల్యూమెన్లతో పాటు క్యాండెలా కూడా చూడమన్న సలహా నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది. ల్యూమెన్లు వెలువడే మొత్తం కాంతిని చెబుతాయే తప్ప అది ఎంత దూరం చేరుతుందో చెప్పవు; ఒక దిశలో కాంతి ఎంత తీవ్రంగా ఉందో చెప్పేది క్యాండెలా. టార్చ్‌ల పనితీరును కొలిచే ఎఫ్‌ఎల్1 ప్రమాణం ప్రకారం కాంతి 0.25 లక్స్‌కు, అంటే ఇంచుమించు పున్నమి వెన్నెల స్థాయికి తగ్గే చోటు వరకు ఉన్నదే బీమ్ దూరం కాబట్టి, 10,000 క్యాండెలాల టార్చ్‌కు అది 200 మీటర్లవుతుంది. మా తోటకు అంతకన్నా అవసరం లేదు. అదే ప్రమాణంలో రన్‌టైమ్ అంటే వెలుగు మొదటి స్థాయిలో 10 శాతానికి పడిపోయేవరకు పట్టే సమయం. అందువల్ల గంటల సంఖ్య మాత్రమే రాసి, ఆ మధ్యలో వెలుగు ఎలా తగ్గుతూ వచ్చిందో గ్రాఫ్‌లో చూపని సమీక్షలను నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇలాంటి టార్చ్‌లలో వాడే 18650 రకం రీచార్జబుల్ సెల్‌కు 9,900 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) సామర్థ్యం ఉందన్న ప్రకటనను ప్రశ్నించకుండా మెచ్చుకున్నవారినీ అంతే, ఎందుకంటే ఆ పరిమాణంలో మంచి సెల్లు సుమారు 3,500 దగ్గరే ఆగుతాయి.

చివరికి కోఠిలోని గుజరాతీ గల్లీకి బాబాయిని వెంటబెట్టుకుని వెళ్లి, వెనుక స్విచ్ ఆయన బొటనవేలికి సులువుగా అందే, నీటిలో మునిగినా తట్టుకునే ఐపీఎక్స్8 రేటింగ్ ఉన్న టార్చ్‌నే తీసుకున్నాను. వానాకాలం గడిచాక నీరు లోపలికి పోకుండా ఆపే దాని రబ్బరు రింగులు ఎలా ఉన్నాయో మళ్లీ రాస్తాను.