ఉబుంటులో లిబ్రే ఆఫీస్ తీయబోతే "ఇన్‌స్టాలే కాలేదు" అంటున్నది, రైటర్ మాత్రం తెరుచుకుంటున్నది

మిర్యాలగూడ_నెట్‌సెంటర్:
అన్నలూ, షాపులో రెండు సిస్టమ్‌లు, రెండిట్లో విండోస్ బదులు ఉబుంటు 22.04 అనే లినక్స్. రూట్ పార్టిషన్ 30 జీబీనే, నిండడానికొచ్చింది. కస్టమర్లకు వేరే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని "సుడో ఆప్ట్ రిమూవ్ లిబ్రేఆఫీస్" కొడితే, ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాలేదు కాబట్టి తీయలేదని వస్తున్నది. దాంట్లోని రైటర్, క్యాల్క్ మాత్రం మంచిగనే ఓపెన్ అయితున్నయి. ఇంకోటి, పొద్దున ఆన్ చేయంగనే ఏది ఎక్కిద్దామన్నా లాక్ దొరకలేదంటది. లాక్ ఫైల్ డిలీట్ చేయమని వీడియోల చెప్తున్నరు. చేయొచ్చా? నెట్ ఫోన్ హాట్‌స్పాట్‌దే, రోజుకు 1.5 జీబీ.

పాలమూరు_టెర్మినల్:
కమాండ్లు పలికే తీరుగ రాస్తున్న, కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.

ముందు లాక్ సంగతి, అంటే ఒక్కసారి ఒక్క ప్రోగ్రామే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలని పెట్టుకునే తాళం. డిలీట్ చేయొద్దు. ఆ మెసేజ్ చివర చూడు, "హెల్డ్ బై ప్రాసెస్" అని ఒక నంబరు, పక్కన బ్రాకెట్ల "అన్‌అటెండెడ్-అప్‌గ్ర్" అని తోక తెగిన పేరు ఉంటది. సెక్యూరిటీ అప్‌డేట్లు దానంతటదే ఎక్కించుకుంటున్నదన్నట్టు. ఫైల్ తీసేసినా ఆ ప్రాసెస్ ఆగదు. నువ్వు కొట్టిన ఆప్ట్ కొత్త లాక్ ఫైల్ చేసుకుని లోపలికి పోతది, ఇద్దరూ ఒకేసారి డీపీకేజీ (ఏది ఎక్కిందో రాసుకునే ప్రోగ్రామ్) లెక్కల మీద రాస్తరు. అది పాడైతే సరిచేసుడు పెద్ద తిప్పలు. పది, ఇరవై నిమిషాలు ఆగు. మధ్యల కరెంటు పోయిందనుకో, అప్పుడు "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", ఆ తర్వాత "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్". ఇదే వరుస.

హాట్‌స్పాట్ అంటున్నవు కాబట్టి వైఫై సెట్టింగ్స్‌ల ఆ కనెక్షన్ పక్కన గేరు గుర్తు నొక్కి, మీటర్డ్ (డేటాకు లిమిట్ ఉంది) అనే టిక్కు పెట్టు. డేటా మిగులుతది.

డీటీపీ_దేవరకొండ:
లిబ్రేఆఫీస్ అనేది ఉత్త మెటా ప్యాకేజీ, అంటే మిగిలిన ప్యాకేజీలన్నిటినీ ఒక్కసారి పిలిచే పేరు. ఉబుంటు దాన్ని పెట్టదు, లిబ్రేఆఫీస్-రైటర్, లిబ్రేఆఫీస్-క్యాల్క్ అని విడివిడిగా పెడతది. అందుకే నీకు ఆ జవాబు వచ్చింది. ఇట్ల కొట్టు:

సుడో ఆప్ట్ పర్జ్ 'లిబ్రేఆఫీస్*'

కోట్స్ మరువకు. అవి లేకపోతే, నువ్వున్న ఫోల్డర్‌ల లిబ్రేఆఫీస్ అని మొదలయ్యే ఫైల్ ఏదన్నా ఉంటే షెల్ (కమాండ్లు చదివేది) ఆ * గుర్తున్న మాట తీసేసి ఆ ఫైల్ పేరు పెడతది. రిమూవ్ అయితే ఈటీసీ ఫోల్డర్‌లోని సెట్టింగులు ఉంచుతది, పర్జ్ అవి కూడా తీస్తది. హోమ్ ఫోల్డర్‌ల .కాన్ఫిగ్ లోపల ఉన్నదాన్ని మాత్రం రెండూ ముట్టవు, అది నువ్వే తీసుకోవాలె.

మిర్యాలగూడ_నెట్‌సెంటర్:
పోయింది అన్నా. ఇప్పుడు ఆటోరిమూవ్ కొట్టమంటున్నది, చాలా పేర్లు చూపెడుతున్నది. వై నొక్కాల్నా?

డీటీపీ_దేవరకొండ:
చదవకుండ నొక్కకు. వేరేవాటి కోసం వచ్చి ఇప్పుడు అక్కరలేకుండ మిగిలినవాటిని తీసుడే ఆటోరిమూవ్. "ఆప్ట్ ఆటోరిమూవ్ --డ్రై-రన్" కొడితే ఏమీ తీయకుండ లిస్టు ఒక్కటే చూపెడతది. లిబ్రేఆఫీస్ తోటి వచ్చిన యూఆర్‌ఈ, యూఎన్‌ఓ-లిబ్స్-ప్రైవేట్, పాత కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) లాంటివి ఉంటే పోనియ్యి. ఫాంట్స్-టెలు (తెలుగు ఫాంట్లు) కనబడితే, అవి పోకుండ ముందు "సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ ఫాంట్స్-టెలు" కొట్టు, తెలుగు దరఖాస్తులు ప్రింట్ చేసే షాపు కదా. ఉబుంటు-డెస్క్‌టాప్, జీడీఎం3 (లాగిన్ తెర), నెట్‌వర్క్-మేనేజర్ కనబడితే మాత్రం ఎన్ కొట్టి ఆ లిస్టు ఇక్కడ పెట్టు. పైథాన్3 ని ఎవరు తీయమన్నా తీయకు, డెస్క్‌టాప్ మొత్తం దానితోటే పోతది.

పాలమూరు_టెర్మినల్:
జాగా కోసం "ఆప్ట్ క్లీన్" (దించిపెట్టిన ఫైళ్లు తుడిచేది) మీద ఆశ పెట్టుకోకు. ఆప్ట్‌తో దించిన ఫైళ్లు ఇన్‌స్టాల్ కాంగనే అదే తీసేస్తది, ఆప్ట్-గెట్ వాడితేనే ఉంచుతది. నీకు ఇది ఇంకోతీరుగ పనికొస్తది. కొత్తది ఏదన్నా ఎక్కియ్యాలంటే మొదటి సిస్టమ్‌ల "సుడో ఆప్ట్-గెట్ --డౌన్‌లోడ్-ఓన్లీ ఇన్‌స్టాల్" కొట్టి పేరు ఇయ్యి. వార్, క్యాష్, ఆప్ట్, ఆర్కైవ్స్ ఫోల్డర్ లోపలికి దిగినయన్నీ పెన్‌డ్రైవ్‌ల వేసుకో. రెండో సిస్టమ్‌ల ఆ ఫోల్డర్‌కు పోయి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ./*.డెబ్". ముందట ఆ చుక్క, స్లాష్ లేకపోతే ఫైల్ అనుకోదు, ప్యాకేజీల లిస్టుల ఆ పేరు దేవులాడుతది. రెండు సిస్టమ్‌లు ఒకే తీరుగ ఉంటేనే ఇది కుదురుతది. రెండో దాంట్ల ఏదన్నా లైబ్రరీ తక్కువుంటే దాని పేరు చూపెట్టి నెట్‌ల నుంచి దించబోతది, నెట్ లేకపోతే అక్కడ ఆగుతది, అప్పుడు ఆ ఒక్కటి దించుకో.