అప్‌డేట్: మా చిన్నాన్న హెచ్ఐవీ రిపోర్టు సంగతి

సూరత్ మిల్లులో పనిచేసే మా చిన్నాన్నకు హెచ్ఐవీ అని తేలిందని, సీడీ4 (రోగాన్ని ఆపే ఒక రకం తెల్లరక్తకణాల లెక్క) 180 అంటే ఏమిటని, అందరం ఒకే ఇంట్లో ఉండొచ్చా అని ఇదివరకు అడిగాను. ఓపిగ్గా చెప్పినవాళ్లందరికీ థాంక్స్.

బరంపురంలో ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో పెట్టే మందుల చికిత్స) మొదలైంది, మందులు ఉచితం. రోజుకు ఒక్క మాత్రే. అందులోనే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ ఉంటాయి. యాంటాసిడ్ సిరప్ మాత్రం దాంతోపాటు తాగొద్దన్నారు.

డాక్టరు విడమరిచి చెప్పారు. ఈ వైరస్ సీడీ4 కణాల్లోకే దూరి, వాటి చేతే తన నకళ్లు చేయించుకుంటుందట. ఆ కణాలు తగ్గేకొద్దీ ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి పడిపోతుంది. 200 కంటే దిగితే ఎయిడ్స్ దశ కిందే లెక్క. చిన్నాన్న నోట్లో తెల్లపూత, తగ్గని విరేచనాలు అందుకే. టీబీ పరీక్ష చేశారు, లేదు. అదొక్కటి పెద్ద ఊరట. మందు వైరస్‌ను పూర్తిగా తీసెయ్యదు, పెరగనివ్వదు. మానేస్తే మళ్లీ విజృంభిస్తుంది.

ఇక ఇంటి సంగతి. పిన్ని కంచం, గ్లాసు విడిగా పెట్టింది. "కంచం వల్ల, దోమ వల్ల అంటదమ్మా" అని కౌన్సెలర్ గట్టిగా చెప్పాకే మళ్లీ కలిపింది. పిన్నికి నెగెటివ్, మూడు నెలలకు మళ్లీ చూడాలి. ఆరు నెలలకు చిన్నాన్నకు వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూడటం. తిరిగి సూరత్ వెళ్తే మందులు అక్కడి సెంటర్‌కు మార్పించుకోవచ్చట.