చువాలో మీద 3, 4, 27: మా బాబాయ్ లెక్క కరెక్టేనా?

నారాయణగూడ నైట్‌షిఫ్ట్

ఆదివారం డ్యూటీ దిగి ఇరానీ హోటల్‌కి వెళ్తే మా బాబాయ్ దొరికాడు. దొరికితే బాక్సింగే. పాతకాలం హెవీవెయిట్ ఛాంపియన్లు ముహమ్మద్ అలీ, జో ఫ్రేజర్, జార్జ్ ఫోర్‌మన్‌లలో ఎవరు గట్టి అన్న దగ్గర ఇద్దరికీ చెడింది.

ఆయన కొలబద్ద ఒక్కటే, జార్జ్ చువాలో. తెలియనివాళ్ల కోసం: కెనడాలో టొరంటో బాక్సర్, 93 ప్రొఫెషనల్ ఫైట్లు ఆడి ఒక్కసారి కూడా కింద పడలేదు. దెబ్బలు తాళలేడని ఫైటు మధ్యలో ఆపింది రెండే రెండుసార్లు. ఒకటి ఫ్రేజర్‌తో, ఇంకొకటి ఫోర్‌మన్‌తో.

బాబాయ్ ఉస్మానియా బిస్కెట్ల అట్ట చింపి, వెనకాల పెన్నుతో రాశాడు: ఫోర్‌మన్ 3, ఫ్రేజర్ 4, అలీ 27. అంటే 1970లో ఫోర్‌మన్ మూడో రౌండ్‌లో, 1967లో ఫ్రేజర్ నాలుగో రౌండ్‌లో పని ముగించారు. అలీ మాత్రం 1966లో 15 రౌండ్లు, 1972లో 12 రౌండ్లు కొట్టినా పాయింట్ల మీదే గెలిచాడు. "కొబ్బరికాయ ఒక్కటే కదరా, ఎవడు ఎన్ని దెబ్బల్లో పగలగొట్టాడో చూసుకో" అని అట్ట నా వైపు తోశాడు.

మరి 1974లో కిన్షాసాలో అదే ఫోర్‌మన్‌ని అలీ ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు కదా అన్నాను. "అది వేరే లెక్క" అని బిస్కెట్ చాయ్‌లో ముంచాడు. ఆ మాటకి జవాబు చెప్పలేకపోయాను. పైగా బిల్లు కూడా నేనే కట్టాను.

ఒకే మొండి మనిషితో ఆడిన ఫైట్లను బట్టి ముగ్గురిని పోల్చొచ్చా? పోలిస్తే ఏం చూడాలి?

ఎల్బీస్టేడియం పాతకాపు

తమ్ముడూ, పోల్చొచ్చు. కానీ మీ బాబాయ్ రౌండ్లు లెక్కపెట్టాడు, ఫైటు ఎందుకు ఆగిందో చూడలేదు.

ఫ్రేజర్‌తో ఆగింది చువాలో గడ్డం (అంటే దెబ్బ తట్టుకునే శక్తి) వల్ల కాదు, కన్ను వల్ల. ఫ్రేజర్ ఆరడుగులకి కాస్త తక్కువ. వంగి లోపలికి దూరి, కింది నుంచి ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి వేసే దెబ్బ) విసిరితే అది నేరుగా అవతలివాడి కుడి కంటికి తగులుతుంది. మూడు రౌండ్లు అదే కంటి మీద పడ్డాయి. నాలుగో రౌండ్ ఇలా మొదలైందో లేదో చువాలో ముఖం తిప్పేసుకున్నాడు. కంటి చుట్టూ ఎముక విరిగింది, తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మెడ ఎంత గట్టిదైనా కంటికి మెడ ఉండదు కదా.

ఫోర్‌మన్‌తో ఇంకో కథ. చువాలో తాళ్లకి ఆనుకుని నిలబడే ఉన్నాడు, దెబ్బలు మాత్రం వరస పెట్టి పడుతున్నాయి, తిరిగి ఒక్కటీ వెయ్యట్లేదు. రింగ్ పక్కన భార్య ఆపమని అరుస్తోంది. రెఫరీ ఆపేశాడు, ఎందుకు ఆపావని చువాలో గొడవ పెట్టుకున్నాడు. అప్పటికి అతనికి 32, ఫోర్‌మన్‌కి 21. నిన్నగాక మొన్న ప్రొఫెషనల్ అయినవాడు, చేతికి అందిన మనిషిని వదలడు. చువాలో ఏమో తల ముందుకి పెట్టి తిన్నగా నడుచుకుంటూ వస్తాడు. ఫోర్‌మన్‌కి అంతకన్నా ఏం కావాలి?

ఇక అలీ. నిలబడి బలంగా కొట్టే మనిషే కాదు. జాబ్ (ముందు చేత్తో వేసే తిన్నని దెబ్బ) వేసి పక్కకి జరిగిపోతాడు. 1966లో టొరంటోలో చువాలో అతని పక్కటెముకల మీద, నడుం మీద గంటసేపు వాయించాడు. కొన్ని బెల్టు కిందా పడ్డాయి. ఆ రాత్రి అలీ ఆసుపత్రికి వెళ్తే తను భార్యతో డ్యాన్స్‌కి వెళ్లానని చువాలో తర్వాత చెప్పుకునేవాడు. అయినా స్కోర్లు ఏకపక్షం. 27 రౌండ్లంటే 81 నిమిషాలు. అంతసేపు ఆ మనిషి ముందు మెదిలి, ఎక్కువ రౌండ్లు తనే గెలవడం చిన్న పనా?

నా సొంత అనుభవం ఒకటి చెప్తా. మేం ప్రాక్టీస్ చేసే రోజుల్లో మోండా మార్కెట్‌లో మూటలు మోసే కుర్రాడొకడు వచ్చేవాడు. అందరం దిమ్మ అనేవాళ్లం. ఓ సాయంత్రం స్పారింగ్‌లో (ప్రాక్టీస్ ఫైటులో) నా కుడి చెయ్యి మొత్తం బలంతో వాడి నుదుటి మీద వేశాను. వాడు కన్నార్పి "ఇంకా?" అన్నట్టు చూశాడు. నా బొటనవేలు బెణికి వారం రోజులు అన్నం చెంచాతో తిన్నాను. ఆ తర్వాతి వారం నా భుజం దాకా కూడా రాని ఒకడు వాడి డొక్కలో ఎడమ హుక్ ఒకటి వేస్తే, దిమ్మ ఊపిరాడక కింద కూర్చున్నాడు. నాకన్నా వాడి దెబ్బ గట్టిదనుకుంటున్నావా? కాదు, ఎక్కడ కొట్టాలో వాడికి తెలుసు. మా కోచ్ నన్ను చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

అలీ మీద వంక పెట్టాలంటే 1966 కాదు, 1972 వాంకూవర్ చూడమను. చువాలోకి 34, ఫ్రేజర్, ఫోర్‌మన్ ఇద్దరి దెబ్బలూ తిని ఉన్నాడు. అప్పుడైనా అలీ ఆపలేకపోయాడు. అలీ కాళ్లు కూడా మునుపటివి కావు మరి, మధ్యలో మూడున్నరేళ్లు ఆటకి దూరంగా ఉన్నాడు.

సైనిక్‌పురి హుక్

బాబాయ్ పక్షం నేను. ఎంత చెప్పినా ఆపగలిగింది ఇద్దరే. 1973లో ఫోర్‌మన్ ఫ్రేజర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అది కూడా 3, 4 అన్న వరసకే సరిపోయింది కదా.

ఎల్బీస్టేడియం పాతకాపు

సరిపోయింది. మరి 1971లో అలీని ఓడించింది ఫ్రేజర్. ఫ్రేజర్‌ని కొట్టిన ఫోర్‌మన్‌ని కొట్టింది అలీ. ఇప్పుడు అట్ట మీద ఏ వరసలో రాస్తావో రాయి.

అర్ధరాత్రి రీప్లే

చువాలో ఒక్కడేనా? ఇంకో మొండి హెవీవెయిట్ టెక్స్ కాబ్‌ని కూడా చూడండి. 1982లో అప్పటి ఛాంపియన్ లారీ హోమ్స్ 15 రౌండ్లు కొట్టినా పడలేదు. దానికి రెండేళ్ల ముందు, దెబ్బ బలంలో పేరుమోసిన ఎర్నీ షేవర్స్‌నే ఈ కాబ్ ఎనిమిదో రౌండ్‌లో ఆపాడు. బాబాయ్ లెక్కన షేవర్స్ కన్నా హోమ్స్ మెత్తనా గట్టా?

ఇంకోటి, చువాలోని కొబ్బరికాయ అనడం నాకు నచ్చలేదు. 1969లో జెర్రీ క్వారీతో కన్ను వాచి, రౌండ్లలో వెనకబడి, ఏడో రౌండ్‌లో ఒక్క దెబ్బతో కూర్చోబెట్టాడు. క్వారీ మోకాలి మీద రెఫరీ కౌంట్ వింటూ ఉండిపోయి లేచేసరికి పది అయిపోయింది. కాయ తిరిగి కొడుతుంది భాయ్.

నారాయణగూడ నైట్‌షిఫ్ట్

అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం పాతకాపు అన్న రాసింది మొత్తం బాబాయ్‌కి చదివి వినిపించాను. కన్ను సంగతి ఒప్పుకున్నాడు. ఫోర్‌మన్ సంగతి ఒప్పుకోలేదు. అలీ 27 పక్కన "పడలేదు, గెలవనూలేదు" అని చువాలో గురించి రాసి, అట్ట మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఈసారి చాయ్ డబ్బులు తనే ఇచ్చాడు, బిస్కెట్లవి నేను.